పాత ప్రెస్ కెమెరాలో మళ్లీ 120 రోల్ తిప్పాలంటే

పాత ప్రెస్ కెమెరా చేతికి రాగానే తుడిచి పాలిష్ పెట్టాలని చేతులు లాగుతాయి. ఆ పని చివరికి పెట్టుకోండి, అసలు చేయకపోయినా పర్వాలేదు. కెమెరా లోపల నిజంగా చీకటి ఉందా, షట్టర్ చెప్పిన టైముకు తెరుచుకుని మూసుకుంటోందా, వెనక అద్దం మీద కనిపించిన ఫోకసే ఫిల్మ్ మీద కూడా పడుతోందా, ఈ మూడూ సరిపోతే తోలు ఊడిపోయిన కెమెరా కూడా కళ్లు చెదిరే నెగటివ్ ఇస్తుంది. ఒక్కటి తేడా కొట్టినా ఎంత మెరిసినా లాభం లేదు. ఇంకో మాట ముందే చెప్తున్నా, పనిచేస్తున్న భాగాన్ని విప్పొద్దు. నేను చూసిన పాత కెమెరాల్లో వయసు వల్ల పాడైనవాటి కంటే స్క్రూడ్రైవర్ వల్ల పాడైనవే ఎక్కువ.

ప్రెస్ కెమెరా అంటే ఒకప్పుడు పత్రికల ఫొటోగ్రాఫర్లు వాడిన మడత కెమెరా, చాలామందికి గుర్తొచ్చేది స్పీడ్ గ్రాఫిక్. అమెరికాలో రోచెస్టర్ ప్రాంతంలో 1912 నుంచి 1973 దాకా రకరకాల మోడళ్లలో తయారైంది, 1945లో ఇవో జిమా కొండ మీద సైనికులు జెండా ఎత్తే ఫొటోను జో రోసెంతాల్ తీసింది దాంతోనే. అందరూ దాని 4×5 అంగుళాల సైజు కోసం ఎగబడతారు. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకండి, ఆ సైజు షీట్ ఫిల్మ్ మన దగ్గర దొరకడమూ కష్టం, ఒక్కో ఫొటోకి అయ్యే ఖర్చూ ఎక్కువ. అదే కుటుంబంలో 2¼×3¼ అంగుళాల చిన్న సైజు ఉంది. 1949లో వచ్చిన సెంచరీ గ్రాఫిక్ ఆ సైజుదే. బాడీ ప్లాస్టిక్, స్పీడ్ గ్రాఫిక్‌లో ఉన్నట్టు వెనక గుడ్డ తెర షట్టర్ ఉండదు, లెన్స్‌లో ఉన్న షట్టర్ ఒక్కటే. అంటే పాడయ్యేవి తక్కువ, మనం బాగుచేయాల్సినవీ తక్కువ. దానికి వెనక రోల్ హోల్డర్, అంటే చుట్ట ఫిల్మ్ పెట్టే పెట్టె, తగిలిస్తే 120 రోల్ ఫిల్మ్ మీద 6×9 సెంటీమీటర్ల సైజులో ఎనిమిది, 6×7 సైజులో పది ఫొటోలు వస్తాయి. 1960లో మొదలైన మామియా ప్రెస్, 1969 నాటి మామియా యూనివర్సల్ కూడా మంచివే, కింద చెప్పేవాటిలో చాలావరకు వాటికీ పనికొస్తాయి.

కొనేముందు చూడాల్సిన వాటిలో అందరూ మర్చిపోయేది వెనకభాగం. గ్రాఫ్‌లాక్ బ్యాక్ ఉందో లేదో అడగండి. గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే వెనక గరుకు అద్దం) ఫ్రేము మొత్తంగా ఊడొచ్చి, రోల్ హోల్డర్‌ను బిగించడానికి జరిపే లోహపు పట్టీలు రెండు ఉంటే అది గ్రాఫ్‌లాక్. 1949కి ముందు వచ్చిన చిన్న గ్రాఫిక్‌లలో స్ప్రింగ్ బ్యాక్ మాత్రమే ఉంటుంది, వాటికి ఈ రోల్ హోల్డర్లు బిగవవు, అప్పుడు కెమెరా ఎంత చవకగా వచ్చినా మన పనికి రాదు. అమ్మేవాళ్లను ఒక చిన్న వీడియో కూడా అడగండి, షట్టర్ ఒక సెకను మీద పెట్టి నొక్కినప్పుడు ఏమవుతుందో కనిపించాలి. నిలిచిపోయినా భయం లేదు, అది మామూలే. లెన్స్ అద్దం మీద లోతు గీతలు, బెలోస్ (లెన్స్‌కూ వెనకభాగానికీ మధ్య సాగే తోలు గొట్టం) మడతల్లో పెద్ద చిరుగులు ఉంటే మాత్రం ధర దగ్గర గట్టిగా బేరమాడండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. వాచీ స్క్రూడ్రైవర్ల సెట్టు, లెన్స్ రింగు తిప్పే స్పానర్, గాలి కొట్టే బ్లోయర్, ఇయర్ బడ్స్, భూతద్దం, ఎల్ఈడీ టార్చి. మొబైల్ రిపేరు షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది, ఐపీఏ అంటే ఇస్తారు, సన్న మొన ఉన్న పట్టకారు కూడా అక్కడే దొరుకుతుంది. లైటర్‌లో పోసే ద్రవం ఒక చిన్న డబ్బా కొనుక్కోండి. కటింగ్ ప్లయర్ మాత్రం ఆ టేబుల్ మీదికే రానివ్వొద్దు.

కెమెరా తెరవడం తెలియక ముందు మూతను గోళ్లతో లాగేవాళ్లున్నారు. గ్రాఫిక్‌లలో తెరిచే బటన్ పైన తోలు కింద దాక్కుని ఉంటుంది, బొటనవేలితో తడిమితే చిన్న బొడిపెలా తగులుతుంది, నొక్కితే ముందు మూత కిందికి వాలుతుంది. మళ్లీ మూసేటప్పుడు లెన్స్‌ను పట్టాల మీద పూర్తిగా లోపలికి తోసి, ఫోకస్ నాబ్‌తో పట్టాలను వెనక్కి తెచ్చి, రెండు పక్కల ఉన్న కడ్డీలను లోపలికి నొక్కుతూ పైకి ఎత్తాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకుండా ఆపేసి ఏది అడ్డుపడుతోందో చూడండి.

ఇప్పుడు చీకటి సంగతి. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, కిటికీలకు దుప్పటి కట్టి, లెన్స్ షట్టర్ మూసి, కెమెరా వెనక నుంచి టార్చి లోపల పెట్టి చుట్టూ నల్లగుడ్డ బిగించండి. బెలోస్‌ను పూర్తిగా సాగదీయండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. ఆ తర్వాత మడతల మూలల్లో సన్నటి చుక్కలు కనిపిస్తాయి, తోలు మాటిమాటికీ మడత పడేది అక్కడే కాబట్టి ముందు పోయేది మూలలే. కనిపించిన ప్రతి చుక్క పక్కన తెల్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. లెన్స్ బోర్డు, అంటే లెన్స్ బిగించిన పలక, అంచుల చుట్టూ కూడా చూడండి, బెలోస్ బాగానే ఉండి వెలుతురు అక్కడి నుంచి వస్తున్న కెమెరాలు చాలా ఉన్నాయి.

చిన్న రంధ్రాలకు గుడ్డ మీద వేసే నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్ చాలు. ఆరాక కూడా మెత్తగా వంగుతుంది. సన్న బ్రష్‌తో పలచగా ఒక పూత, అది పూర్తిగా ఆరాక ఇంకో పూత. ఒకేసారి మందంగా పూస్తే మడత పెట్టినప్పుడు పెచ్చులూడుతుంది. పెద్ద చిరుగైతే లోపలివైపు నుంచి పలచటి నల్లగుడ్డ ముక్కను ఫ్యాబ్రిక్ గమ్‌తో అతికించి దానిమీద పెయింట్ వేయండి. పని అయ్యాక బెలోస్‌ను సాగదీసే ఒక రాత్రంతా ఉంచండి. మా కడప ఎండకు గంటలోనే ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల జిగురు మిగిలే ఉంటుంది, అప్పుడే మూసేస్తే మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి తెరిచేటప్పుడు ఉన్న తోలు కూడా చిరుగుతుంది. ఆరాక పెయింట్ వేసిన చోట బ్రష్‌తో కాస్త టాల్కం పౌడర్ అద్ది, మిగిలింది ఊదేయండి. అంతకుముందే లెన్స్ విప్పి పక్కన పెట్టాలని వేరే చెప్పనక్కర్లేదు.

షట్టర్ దగ్గర ఓపిక కావాలి. ఈ లెన్స్‌ల మీద ఎక్కువగా కనిపించే గ్రాఫెక్స్, సూపర్‌మాటిక్ షట్టర్లలో వేగాలు 1 సెకను నుంచి 1/400 దాకా ఉంటాయి. 1/50, 1/100 బాగానే కొడుతూ, ఒక సెకను, అర సెకను మాత్రం నిలిచిపోతుంటే విరిగిందేమీ లేదు. నిదానపు వేగాల కోసం లోపల చిన్న పళ్లచక్రాల వరుస ఒకటుంటుంది, దానికి ఎప్పుడో వేసిన నూనె ఎండి జిగురైపోయి పట్టేసి ఉంటుంది. అప్పుడు అందరికీ తట్టే ఆలోచన కాస్త నూనె వేద్దామని. వద్దు. తుప్పు వదిలించే స్ప్రే అసలే వద్దు. ఆ నూనె రెండు రోజుల్లో పాకి షట్టర్ రేకుల మీదికి చేరుతుంది, వెంట్రుకంత మందం కూడా లేని ఆ రేకులు ఒకదానికొకటి అంటుకుని ఇక కదలవు. మా ఊళ్లో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన ఈ మాట ఒక్క ముక్కలో చెప్పారు: "నూనె పొయ్యాకు నాయనా, ముందు మురికి తియ్."

లెన్స్ ముందు, వెనక గాజు భాగాలను చేత్తోనే ఎడమకు తిప్పి విప్పండి, కాగితంలో చుట్టి దూరంగా పెట్టండి. వెనకాల రింగు విప్పితే షట్టర్ ఒక్కటే బోర్డు నుంచి ఊడొస్తుంది. పైన వేగాలు రాసున్న పళ్లెం విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీయండి, విప్పాక తీయండి, ఒక్కో స్క్రూ తీసినప్పుడల్లా తీయండి. తెల్లటి టవల్ పరిచి దానిమీద పని చేస్తే కింద పడ్డ స్క్రూ దొర్లిపోదు. లోపల పళ్లచక్రాల ఇరుసులు కనిపిస్తాయి. లైటర్ ద్రవంలో ఇయర్ బడ్ ముంచి, కారకుండా పిండి, ఒక్కో ఇరుసు దగ్గర ఒక బొట్టు తాకించండి. సెకను మీద పెట్టి షట్టర్ కొట్టండి, మళ్లీ తాకించండి, మళ్లీ కొట్టండి. మొదట చక్రం సగం తిరిగి ఆగుతుంది. తర్వాత మూలుగుతూ చివరిదాకా వెళ్తుంది. ఇంకాసేపటికి జ్‌ర్‌ర్‌ర్‌మని సాఫీగా, ఎక్కడా తడబడకుండా ఒకే శ్రుతిలో తిరుగుతుంది. బడ్ మీదికి గోధుమరంగు మురికి రావడం ఆగి, ఆ శబ్దం సమంగా వినిపించేదాకా ఇదే పని. షట్టర్ మొత్తాన్ని ద్రవంలో ముంచేయొద్దు, కొన్నిట్లో అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రాన్ని పెద్దచిన్న చేసే) రేకులు లోహం కానివి ఉంటాయి, ముంచితే వంకర పోతాయి. రేకులు చివరికి పొడిగా ఉండాలి, వాటికి ఎప్పుడూ నూనె లేదు. ఈ ద్రవం ఆవిరి నిప్పంటుకునేది, గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లోనో దేవుడి దీపం వెలుగుతున్న గదిలోనో చేయకండి, వసారాలో కూర్చోండి.

శుభ్రం చేశాక వేగాలు కొలవాలి. ఖరీదైన మీటరేమీ అక్కర్లేదు, ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ చాలు. షట్టర్ వెనక తెల్లని వెలుతురు పెట్టి వీడియో తీసి, రేకులు తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక సెకనుకు 240, 1/10కి 24, 1/25కి తొమ్మిదో పదో రావాలి. 1/100 దాటితే ఫోన్ లెక్క నమ్మదగింది కాదు. 1/400 అని రాసున్నది నిజంలో 1/250 దగ్గర కొట్టడం ఇంత పాత షట్టర్లలో మామూలు, దానికోసం స్ప్రింగులు వంచే పని పెట్టుకోకండి. నెగటివ్ ఫిల్మ్ ఆ మాత్రం తేడా తట్టుకుంటుంది. వచ్చిన అసలు వేగాలు చిన్న కాగితం మీద రాసి కెమెరా వెనక అతికించుకోండి. ఫ్లాష్ వాడేవాళ్లకు ఒక మాట, షట్టర్ మీద ఎం, ఎక్స్ అని రెండుంటే మన ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు ఎక్స్ మీదే పెట్టాలి. ఎం పాత బల్బుల కోసం, దానిమీద ఉంటే రేకులు తెరుచుకోకముందే ఫ్లాష్ వెలిగి ఆరిపోతుంది, ఫ్రేము ఖాళీగా వస్తుంది.

లెన్స్ విషయంలో ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. ముందు బ్లోయర్, తర్వాత మెత్తని బ్రష్, అప్పటికీ మరకుంటే కాస్త ఐపీఏ తడిపిన లెన్స్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు. ఆ కాలపు కోటింగ్ మెత్తనిది, రుద్దితే పోతుంది. కొడాక్ ఎక్టార్ లెన్స్ అయితే నంబరు ముందున్న రెండు ఇంగ్లిష్ అక్షరాలు తయారైన సంవత్సరం చెప్తాయి: సి అంటే 1, ఏ 2, ఎం 3, ఈ 4, ఆర్ 5, ఓ 6, ఎస్ 7, ఐ 8, టి 9, వై 0. ఈ, ఎస్ అని ఉంటే 1947లో చేసిందన్నమాట. మన చేతిలో ఉన్నది ఏ ఏడాదిదో తెలిశాక దాని మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఫోకస్‌కు మేడ ఎక్కండి. కడప చుట్టూ కొండలున్నది ఇందుకు మనకు పెద్ద సాయం, పాలకొండల అంచు కనిపిస్తే చాలు, అదే ఇన్‌ఫినిటీ, అంటే ఫోకస్‌కు అన్నిటికంటే దూరపు చోటు. ఫోకస్ నాబ్‌తో పట్టాలను పూర్తిగా వెనక్కి తెచ్చి, లెన్స్ అపెర్చర్ మొత్తం తెరిచి, గ్రౌండ్ గ్లాస్ మీద భూతద్దం ఆనించి, లెన్స్ స్టాండును ముందుకూ వెనక్కూ జరుపుతూ కొండ అంచు కత్తిలా తేలేదాకా చూడండి. పట్టాల మీద మడిచే చిన్న ఆపుడు రేకులు రెండుంటాయి, వాటి స్క్రూలు వదులు చేసి, స్టాండుకు ఆనేలా జరిపి బిగించండి. రెండూ సమంగా ఉండాలి, లేకపోతే లెన్స్ పక్కకు తిరిగి ఫొటోలో ఒకవైపు మసకబారుతుంది. గ్రౌండ్ గ్లాస్ గరుకు వైపు లెన్స్‌వైపే ఉండాలి. ఎవరో ఎప్పుడో విప్పి తిరగేసి పెట్టిన కెమెరాలు దొరుకుతుంటాయి. అద్దం ముందు సన్న వలయాల ప్లాస్టిక్ ఫ్రెనెల్ ఉంటే దాన్ని తీసేయకండి, తీస్తే ఫోకస్ మారిపోతుంది.

గ్రౌండ్ గ్లాస్ పగిలిపోయి ఉంటే కొత్తది ఇంట్లోనే చేసుకోవచ్చు. పాతదాని మందమే ఉన్న గాజును అదే కొలతకు కోయించి, వంటింటి కడప బండ మీద తడిగుడ్డ పరిచి దానిపై పెట్టి, 600 నంబరు కార్బొరండం పొడి, కాసిని నీళ్లు వేసి ఇంకో గాజుముక్కతో గుండ్రంగా రుద్దుతూ పోండి. ఎక్కడా మెరుపు మచ్చ మిగలకుండా సమంగా తెల్లబడితే అయిపోయినట్టే. అంచులు చేతులు కోయకుండా ముందే గరుకు కాగితంతో రుద్దుకోండి. పక్కనున్న రేంజ్‌ఫైండర్ (దూరం చూసి ఫోకస్ చేసే సాధనం) మసకగా ఉంటే లోపలి అద్దాన్ని గాలితో మాత్రమే శుభ్రం చేయండి, సగం వెండిపూత ఉన్న ఆ అద్దాన్ని తుడిస్తే పూతంతా గుడ్డకే వచ్చేస్తుంది. ట్రైపాడ్ మీద తీసేవాళ్లకు గ్రౌండ్ గ్లాస్ ఉండగా రేంజ్‌ఫైండర్‌తో పనేమీ లేదు.

రోల్ హోల్డర్లలో నాబ్ తిప్పే పాతవాటి కంటే లివర్ తిప్పేవి మేలు, ఫిల్మ్ అటూ ఇటూ రోలర్ల మీదుగా వెళ్లి చదునుగా ఉంటుంది. ఆర్‌హెచ్-8 అంటే ఎనిమిది ఫ్రేములు, ఆర్‌హెచ్-10 అంటే పది. ఫిల్మ్‌ను కప్పి ఉంచే డార్క్ స్లైడ్ రేకు దూరే సందులో వెలుతురు ఆపే మెత్తటి పట్టీ ఒకటుంటుంది, హోల్డర్‌లో ముందుగా పాడయ్యేది అదే. పాత పట్టీ తీసేసి సన్న నల్ల వెల్వెట్ రిబ్బన్ అతికించండి, స్లైడ్ కాస్త బిగుతుగా జారితే సరిపోయినట్టు. మామియా హోల్డర్లలో ఫోమ్ సీళ్లు కరిగి బంకలా అయిపోయి ఉంటాయి, ఐపీఏతో గీకి కొత్తవి వేయాలి. ముందు ఒక వాడేసిన 120 బ్యాకింగ్ కాగితాన్ని పగటిపూట ఎక్కించి తిప్పి చూడండి, కాగితం నల్లటి వైపు లెన్స్‌వైపు ఉండాలి. ఫ్రేముల మధ్య దూరం సమంగా వస్తోందో లేదో పెన్సిల్ గీతలు పెట్టి చూసుకుంటే రోలు వృథా కాదు.

టెస్ట్ రోలుకు డేట్ అయిపోయిన ఫిల్మ్ వాడొద్దు, తప్పు కెమెరాదో ఫిల్మ్‌దో తేలదు. ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ లాంటిది, ఐఎస్ఓ 125, మన ఎండకు సరిగ్గా సరిపోతుంది. నడిమధ్యాహ్నపు ఎండలో అపెర్చర్ ఎఫ్16, వేగం 1/100 పెడితే మీటర్ అక్కర్లేదు. మొదటి ఫ్రేముకు ఫొటో తీయకండి. బెలోస్ పూర్తిగా సాగదీసి, షట్టర్ మూసే ఉంచి, డార్క్ స్లైడ్ లాగి, కెమెరాను అన్ని వైపులా ఎండకు తిప్పుతూ ఒక నిమిషం పట్టుకోండి. స్లైడ్ మూసి తర్వాతి ఫ్రేముకు తిప్పండి. రెండోది పాలకొండల మీద, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఇంత వెలుతురుకు 1/400 కూడా చాలదు కాబట్టి సాయంత్రం పొద్దు వాలాక. మూడోదానికి దర్జీ టేపును బల్ల మీద ఏటవాలుగా పరిచి, సరిగ్గా మధ్య అంకె మీద గ్రౌండ్ గ్లాస్‌తో ఫోకస్ చేసి, తెరిచిన అపెర్చర్‌తోనే తీయండి. నెగటివ్‌లో ఏ అంకె తేలిందో చూస్తే అద్దమూ ఫిల్మూ ఒకే చోట ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. మిగతా ఫ్రేములు మీ ఇష్టం. గండికోట తీసుకెళ్లండి, పెన్నా లోయ అంచున ఆ ఎర్రరాళ్ల పొరల్లో ఒక్కో పగులూ 6×9 నెగటివ్ మీద ఎలా దిగుతుందో చూడాల్సిందే. కెమెరాను మాత్రం కారు డిక్కీలో ఎండకు వదిలేయకండి, ఆ వేడికి బెలోస్ అతుకులు ఊడతాయి, గాజుల మధ్య జిగురుకూ మంచిది కాదు.

ఫిల్మ్ కడిగేటప్పుడు మన దగ్గర అసలు సమస్య నీళ్లు. డెవలపర్ టైములన్నీ 20 డిగ్రీలకు రాస్తారు, మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఆ దరిదాపుల్లో ఉండవు. బకెట్ నీళ్లలో ఐసు ముక్కలు వేసి, డెవలపర్, హైపో, కడిగే నీళ్ల సీసాలు అన్నీ అందులో నిలబెట్టండి. 20కి తేలేకపోతే 24 దగ్గర ఆగి టైము తగ్గించుకోవచ్చు: ఎఫ్‌పీ4ను ఐడీ-11 డెవలపర్‌లో ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు కడిగితే, 24 దగ్గర ఎనిమిది నిమిషాలు సరిపోతాయి. అన్ని సీసాలూ ఒకే వేడిమీద ఉండటం ముఖ్యం, డెవలపర్ చల్లగా ఉండి కడిగే నీళ్లు వేడిగా ఉంటే ఫిల్మ్ పైపొర దెబ్బతింటుంది.

ఆరిన నెగటివ్‌ను కిటికీకి ఎత్తి మొదటి ఫ్రేము చూడండి. ఖాళీగా, తేటగా ఉంటే కెమెరా గెలిచినట్టే. నల్లటి మరక ఫ్రేము లోపలికే పరిమితమైతే వెలుతురు బెలోస్ నుంచో లెన్స్ బోర్డు నుంచో వచ్చింది, మళ్లీ చీకటి గది, టార్చి. మరక ఫ్రేము దాటి ఫిల్మ్ అంచుదాకా పాకితే దోషం హోల్డర్‌ది, లేదా రోలు వదులుగా చుట్టుకుంది. ఒకవైపు నుంచే చారలా వస్తుంటే డార్క్ స్లైడ్ పట్టీ చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక అప్పుడు పెట్టుకోండి తోలు తుడిచే పని. దాచేటప్పుడు షట్టర్ స్ప్రింగు ఎక్కించి ఉంచొద్దు, తోలు సంచిలో కాకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో పెట్టండి, వారానికోసారి బయటికి తీసి అన్ని వేగాల మీదా నాలుగు సార్లు కొట్టండి.